ఒకవైపు రొమ్ము ముందు పెరుగుతోంది, గట్టిగా తగులుతోంది: పన్నెండేళ్ల అమ్మాయి తల్లికి జవాబు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా పాపకి పన్నెండేళ్ల నాలుగు నెలలు, ఒడియా మీడియంలో ఏడో తరగతి. ఏడు నెలల కిందట ఎడమవైపు అక్కడ రేగ్గాయంత గట్టిగా తగిలింది, చెయ్యి తగిలితే నొప్పి అంటుంది. ఇప్పుడు ఎడమవైపు బాగా తెలుస్తోంది, కుడివైపు ఇప్పుడిప్పుడే అక్కడ కొంచెం లేస్తోంది. మా అత్తగారు పసుపూ సున్నమూ కలిపి పట్టు వేస్తున్నారు. మా వీధిలో మందులిచ్చే ఆయన చూసి, గడ్డ, చిన్న ఆపరేషన్‌తో తీసేస్తే సరి అన్నాడు. పాప ఖోఖో మానేసింది. ఇంత ఉక్కలో కూడా స్వెటర్ విప్పదు. క్లాసులో సగం మంది పెద్దమనుషులయ్యారు, ఇది ఇంకా కాలేదు. క్యాన్సర్ ఏమోనని నాకు నిద్ర పట్టడం లేదు. రేపు పెళ్లికి ఇబ్బంది అవుతుందా? ఎవరితోనూ చెప్పుకోలేక రాస్తున్నాను.

జవాబు:

చెల్లెమ్మా, ముందు ఒక్క మాట చదవండి, మిగతాది అన్నం తిన్నాక తీరిగ్గా చదువుకోవచ్చు. ఆపరేషన్ చేయించకండి. ఆయన ఎంత మంచివాడైనా, ఎన్నేళ్లుగా మీ ఇంటికి మందులిస్తున్నా సరే, ఆ చోట కత్తి పడనివ్వకండి.

మీరు గడ్డ అనుకుంటున్నది చాలావరకు గడ్డ కాదు, మొగ్గ. ఆడపిల్ల పెద్దదవుతోందని శరీరం చెప్పే మొదటి గుర్తు అది. నెలసరి కంటే ముందు, ఎక్కువ మంది పిల్లల్లో చంకల్లో వెంట్రుకల కంటే కూడా ముందు, చనుమొన కింద చిన్న బిళ్లలా గట్టిగా వస్తుంది. ముట్టుకుంటే నొప్పి, బోర్లా పడుకుంటే నొప్పి, స్కూలు బ్యాగు బెల్టు ఒత్తుకున్నా నొప్పి. ఎనిమిదేళ్ల నుంచి పదమూడేళ్ల లోపు ఎప్పుడు మొదలైనా మామూలే. మీ పాపకి పదకొండున్నర దాటాక మొదలైంది, అంటే సరిగ్గా వేళకే వచ్చింది. ఒకవైపు ముందు వచ్చి, రెండోది కొన్ని నెలలు ఆగి రావడం కూడా ఎంతోమందిలో జరిగేదే. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది చూడండి, కుడివైపు ఇప్పుడిప్పుడే లేస్తోందని మీరే రాశారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మొగ్గలోనే రేపటి రొమ్ము అంతా ఉంటుంది. గడ్డ అనుకుని దాన్ని కోసి తీసేస్తే అటువైపు ఇక జన్మలో పెరగదు. మందులతో తిరిగి రాదు. మా పిన్ని కూతురికి అదే జరిగింది. అప్పుడు దానికి పదకొండేళ్లు, ఇలాగే ఒకవైపు గట్టిగా తగిలిందని మా పిన్ని భయపడిపోయింది. ఊరూ పేరూ రాయను గానీ, ఒక చోట తీసుకెళ్లి చూపిస్తే ఆయన పదిహేను నిమిషాల్లో కోసి, కుట్లు వేసి పంపించాడు. అందరూ గండం గడిచిందనుకున్నారు. రెండేళ్ల తర్వాత రెండోవైపు పెరుగుతుంటే అప్పుడు అర్థమైంది ఏం పోయిందో. కాలేజీ రోజుల్లో అది చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి లోపల పిన్నీసుతో గుచ్చుకుని వెళ్లేది, చెమటకి తడిసి జారిపోతుందేమోనని క్లాసులో చెయ్యెత్తి జవాబు కూడా చెప్పేది కాదు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఆ ఇద్దరికీ ఒకవైపు పాలే పట్టింది, సరిపోయాయి కూడా. ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ పదిహేను నిమిషాలు ఎవరైనా ఆపి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. అందుకే మీ ఉత్తరం చూడగానే, వరసలో ముందున్నవి పక్కన పెట్టి, దీనికి జవాబు రాస్తున్నాను.

ఇంక తేడా సంగతి. ఇద్దరు పిల్లలకి ఒకే కుండలో అన్నం పెట్టినా ఒకడు ముందు ఎత్తు పెరుగుతాడు, ఒకడు తర్వాత. ఇదీ అంతే. ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ రెండువైపులకీ ఒకే రక్తంలో అందుతుంది గానీ, రెండువైపులా కణాలు దానికి ఒకే వేగంతో స్పందించవు. ఎడమవైపు కాస్త పెద్దదిగా ఉండటం కూడా తరచూ కనిపించేదే. మొగ్గ దశ నుంచి పూర్తిగా ఎదగడానికి మూడేళ్ల నుంచి అయిదేళ్లు పడుతుంది, కొందరికి పదిహేడు పద్దెనిమిది దాకా. ఈ మధ్యలో తేడా ఒకసారి ఎక్కువగా కనిపిస్తుంది, ఇంకో ఆరు నెలలకి తగ్గుతుంది. పన్నెండో ఏట చూసి ఇదే ఖాయం అనుకోవడం, నారుమడి చూసి పంట లెక్క కట్టడం లాంటిది.

ఇదంతా ఇప్పుడు కొత్తగా కనిపెట్టిందీ కాదు. ఇంగ్లండులో టానర్ అనే పిల్లల డాక్టరు, మార్షల్ అనే ఇంకొకాయనతో కలిసి 192 మంది అమ్మాయిల ఎదుగుదలను గమనించి 1969లో ఒక పరిశోధన ప్రచురించారు. రొమ్ము ఎదుగుదలను అయిదు దశలుగా లెక్కపెట్టే పద్ధతి ఆయన పేరు మీదే చెలామణి అవుతోంది, ఈ రోజుకీ డాక్టర్లు టానర్ స్టేజి ఎంత అనే రాసుకుంటారు. ఆ పరిశోధన పేరులోనే ‘తేడాలు’ అన్న మాట ఉంది. ఒక పిల్ల మొదలుపెట్టే వయసుకీ ఇంకో పిల్ల మొదలుపెట్టే వయసుకీ, ఒక దశ నుంచి ఇంకో దశకి వెళ్లే వేగానికీ పొంతన ఉండదని అది చెప్పింది.

పెద్దయ్యాక అందరికీ సమానం అవుతాయా అంటే, లేదు. అచ్చంగా సమానంగా ఉండేవాళ్లే తక్కువ. నమ్మకపోతే మీకు జాకెట్లు కుట్టే ఆవిడని అడగండి. ఆవిడ ఎన్నో ఏళ్లుగా ఎంతోమంది కొలతలు తీసి ఉంటుంది, ఒకవైపు డార్టు కాస్త లోపలికి, ఇంకోవైపు కాస్త బయటికి పట్టుకుని ఎవరికీ చెప్పకుండా సర్దేస్తుంది. మనకి తెలియనే తెలియదు.

పెద్దమనిషి కాలేదన్న బెంగ కూడా పెట్టుకోకండి. మొగ్గ వచ్చిన రెండు, రెండున్నరేళ్లకి నెలసరి రావడం మామూలు లెక్క. మీ పాపకి ఏడు నెలలే అయ్యాయి. అంటే ఇంకో ఏడాదిన్నర, రెండేళ్లు పట్టినా తొందరేం లేదు. పదిహేనేళ్లు నిండినా రాకపోతే, లేదా మొగ్గ వచ్చి మూడేళ్లయినా రాకపోతే అప్పుడు చూపించాలి. ఈలోగా ఇంట్లో ఎవరైనా వారం వారం ‘ఏమైనా ఉందా’ అని అడుగుతుంటే అది మాత్రం ఆపించండి, ఆ ప్రశ్న వినీ వినీ పిల్ల తనలో ఏదో లోపం ఉందనుకుంటుంది.

క్యాన్సర్ మాటకొస్తే, ఈ వయసు పిల్లల్లో రొమ్ము క్యాన్సర్ అత్యంత అరుదు. టీనేజిలో కాస్త పెద్ద పిల్లలకి నిజంగానే గడ్డ తగిలినా అది ఎక్కువగా ఫైబ్రోఎడినోమా అనే మామూలు గడ్డ అయి ఉంటుంది, వేళ్ల కింద గోలీలా జారుతుంది, క్యాన్సర్ కాదు, చాలావాటికి ఆపరేషన్ కూడా అక్కర్లేదు. అనుమానం తీరాలంటే అల్ట్రాసౌండ్ స్కానింగ్ చాలు. పెద్దవాళ్లకి తీసే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఈ వయసు పిల్లలకి తీయరు.

పెళ్లి గురించి అడిగారు. పన్నెండేళ్ల పిల్ల గురించి ఆ బెంగ మీ దగ్గరే ఆపేయండి, దాని చెవిన పడనివ్వకండి. తేడా వల్ల పెళ్లికీ కాన్పుకీ అడ్డేమీ లేదు. పాలు పడటానికి కూడా సైజుతో సంబంధం లేదు, ఎందుకంటే సైజు తేడా ఎక్కువగా కొవ్వు వల్ల వచ్చేది, పాలిచ్చేది దానిలోని గ్రంథి.

పసుపు సున్నం పట్టు ఈ రోజే ఆపేయండి. బెణికిన కాలికి వేసే పట్టు అది. లేత చర్మం మీద సున్నం కాలుతుంది, పుండు పడితే దాని నుంచి అసలైన జబ్బు మొదలవుతుంది. నొప్పి ఎక్కువగా ఉన్న రోజు చల్లటి నీళ్లలో తడిపి పిండిన మెత్తని గుడ్డ కాసేపు పెట్టండి, చాలు. అలాగే ఎదుగుదల తెలియకూడదని గుడ్డతో బిగించి కట్టడం, పెరగని వైపు నూనెతో మర్దనా చేయడం, టీవీలో చూపించే క్రీములు, మెంతుల పొడి, ఇవేవీ పని చేయవు. కొన్ని క్రీముల్లో స్టెరాయిడో హార్మోనో కలుస్తుంది, అది ఇంకా ప్రమాదం. ఒకవైపును పెంచే తిండి కూడా ఏదీ లేదు. చోడి అంబలి, గుడ్డు, ఆకుకూర, పప్పు ఇంట్లో అందరికీ పెట్టేదే దానికీ కడుపునిండా పెట్టండి, స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర పారేయకుండా మింగుతోందో లేదో చూసుకోండి. తిండి చాలని పిల్లలకీ, రక్తం తక్కువైన పిల్లలకీ ఎదుగుదల ఆలస్యమవుతుంది.

ఇన్ని చెప్పాక కూడా ఒకసారి సరైన డాక్టరుకి చూపించండి అనే అంటాను, పాపకి ఏదో ఉందని కాదు, మీ మనసులో ఆ ‘గడ్డ’ మాట పడింది కాబట్టి. మీ ఊళ్లోనే జిల్లా ఆసుపత్రి ఉంది. పది నుంచి పందొమ్మిదేళ్ల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ అని ఒకటి మొదలుపెట్టింది, దాని కింద నడిచే క్లినిక్‌లను ఒడిశాలో శ్రద్ధా క్లినిక్ అంటారు. మీ వీధి ఆశా దీదీని అడిగితే ఏ రోజు, ఏ గది అన్నది చెబుతుంది. మన తెలుగువాళ్లలో చాలామంది ఒడియాలో ఒంటి సంగతులు చెప్పుకోలేక పాతపట్నం దాటి శ్రీకాకుళమో వైజాగో పోతుంటారు, దారి ఖర్చు తలుచుకుని అదీ మానేసేవాళ్లు ఇంకా ఎక్కువ. మీ పాప ఒడియా మీడియం కదా, భాష దానికి వచ్చు. దాన్నే చెప్పనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. ఇంకా పెద్ద డాక్టరు కావాలంటే బరంపురంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, మీ పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీద ఉన్నదే. లేడీ డాక్టర్ కావాలని అడగడానికి మొహమాటపడకండి. చూసేటప్పుడు మీరు గదిలోనే ఉండాలి, చూడబోయే ముందు పాపని అడిగి చూడాలి. ఇవి డాక్టరుకి మర్యాద తక్కువ చేసే మాటలు కావు.

ఆగకుండా తీసుకెళ్లాల్సిన సందర్భాలూ చెప్పాలి. ఎర్రగా కమిలి, వేడిగా ఉండి జ్వరం వస్తే, చనుమొన నుంచి రక్తం గానీ చీము గానీ వస్తే, గడ్డ వారాల్లోనే పెద్దదైపోతుంటే, ఎప్పుడూ బయటికి ఉన్న చనుమొన కొత్తగా లోపలికి పోతే (పుట్టినప్పటి నుంచీ లోపలికే ఉంటే భయం లేదు), చర్మం సొట్ట పడితే. ఎనిమిదేళ్లు నిండకుండానే మొగ్గ వచ్చిన పిల్లనీ, పదమూడు నిండినా ఏ వైపూ మొదలుకాని పిల్లనీ కూడా చూపించాలి. ఒకవైపు పెరుగుతూనే ఉండి రెండోవైపు ఏడాది దాటినా అసలు మొదలే కాకపోతే కూడా అంతే, ఎందుకంటే అరుదుగా కొందరికి పుట్టుకతోనే ఒకవైపు ఛాతీ కండరం సరిగ్గా ఉండదు. చిన్నప్పుడు ఛాతీ మీద వేడినీళ్లు పడి కాలిన మచ్చ ఉన్నా అటువైపు పెరుగుదల పట్టేయవచ్చు.

ఇంట్లోనే మీరు చూడగలిగేది ఒకటుంది. పాపని పల్చటి చొక్కాతో నిటారుగా నిలబెట్టి, కాళ్లు దగ్గరపెట్టి, రెండు చేతులూ కలిపి ముందుకి వంగమనండి. వెనక నిలబడి వీపు చూడండి. ఒకవైపు పక్కటెముకలు ఎత్తుగా లేస్తుంటే వెన్నెముక వంగి ఉండొచ్చు, దానివల్ల కూడా ముందునుంచి చూస్తే ఛాతీ ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. అలా అనిపిస్తే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

ఎదుగుదల పూర్తయ్యాక కూడా తేడా మరీ ఎక్కువగా ఉండి ఆ అమ్మాయే ఇబ్బంది పడుతుంటే సరిచేసే ఆపరేషన్లు ఉన్నాయి. అది పద్దెనిమిది దాటాక, తను అడిగితే ఆలోచించే విషయం. ఇప్పుడు కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం స్వెటర్. ఇంత ఉక్కలో, కరెంటు పోయే మధ్యాహ్నాల్లో, పిల్ల స్వెటర్ విప్పడం లేదంటే, ఆ ఒంటి గురించి ఇంట్లో ఎన్ని గుసగుసలు విన్నదో అనిపించింది. కోప్పడకండి, ఇంకొకటి కూడా చెబుతాను. మీ ఉత్తరం ఎంత పెద్దదైనా అందులో రొమ్ము అన్న మాట ఒక్కసారి కూడా లేదు, అంతా ‘అక్కడ’. మీరే ఆ పేరు పలకలేకపోతే పాప ఎవరితో పలుకుతుంది? కాలు, చెయ్యి, చెవి అన్నట్టే రొమ్ము అనండి. మొదటిరోజు నోరు తిరగదు, నాలుగు రోజులకి అలవాటవుతుంది. దగ్గర కూర్చోబెట్టుకుని, తల దువ్వుతూనో చిక్కుడుకాయలు ఒలుస్తూనో (ఎదురెదురు కూర్చుంటే సిగ్గు, పక్కపక్కన కూర్చుంటే మాట వస్తుంది) నాకూ నీ వయసులో ఇలాగే అయిందే అని మొదలుపెట్టండి. మీకూ ఒకవైపు ముందు వచ్చిందేమో గుర్తు తెచ్చుకోండి, ఉంటే చెప్పండి. నా చెల్లెలి కూతురికి నేను చెప్పిన రోజు అది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆఖర్న ‘అయితే నేను ఒక్కదాన్నే కాదా’ అంది. అంతే, ఇంకేమీ అడగలేదు.

ఖోఖో మళ్లీ మొదలుపెట్టించండి. పరుగెత్తితే ఊగి నొప్పి వస్తుందనే భయం ఉంటుంది, దానికి మందు మంచి స్పోర్ట్స్ బ్రా, మిగతా రోజుల్లో మెత్తని కాటన్ స్లిప్పో, కప్పుల్లేని చిన్న బ్రానో. మన పెద్దవాళ్లు బాడీ అనేవారు కదా, అదే. కొనేటప్పుడు పెద్దగా ఉన్న వైపు కొలతకే కొనండి, చిన్నగా ఉన్న వైపు పల్చటి కాటన్ ప్యాడ్ పెట్టి కుట్టేస్తే యూనిఫాంలో ఏ తేడా తెలియదు, పిన్నీసులు చేతిరుమాళ్లు అక్కర్లేదు. బ్రా వేస్తే ఎదుగుదల ఆగిపోతుందనీ, క్యాన్సర్ వస్తుందనీ చెప్పేవాళ్లుంటారు, రెండూ అబద్ధమే. ఇంకొకటి, ఉతికాక దాన్ని తువ్వాలు కింద దాచి ఆరేయకండి. నేను చూసిన ఇళ్లలో సగం ఇంతే, పైన తువ్వాలు, కింద ఆరీ ఆరని బ్రా, వానాకాలంలో అది తడితడిగానే ఒంటికి ఎక్కి దురదా తామరా తెచ్చిపెడుతుంది. ఎండలో, గాలి తగిలే చోట, తీగ మీద వేయండి.

స్కూల్లో మగపిల్లలో, దారిలో ఇంకెవరైనానో మాటలంటున్నారా, చెయ్యి తగిలిస్తున్నారా అని కూడా మెల్లిగా అడగండి. ఖోఖో మానేయడానికి కారణం నొప్పి ఒక్కటే కాకపోవచ్చు. అలాంటిదేమైనా ఉంటే తప్పు పాపది కాదని మొదట దానికి చెప్పి, తర్వాత టీచరుకి చెప్పండి, పిల్లల సహాయం నంబరు 1098 కి ఏ వేళనైనా చేయొచ్చు, డబ్బు పడదు.

అత్తగారితో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నారేమో. ఆవిడ చెడు తలపెట్టి పట్టు వేయలేదు, మనవరాలి నొప్పి చూడలేక తనకి తెలిసింది చేసింది. ‘సున్నానికి చర్మం కమిలిపోతోందత్తయ్యా, డాక్టరమ్మ వద్దంది’ అనండి, డాక్టరుకి చూపించాక అది అబద్ధం కూడా కాదు. ఆవిడకి ఒక సంగతి గుర్తుచేయండి. మీ ఊళ్లో జూన్ మధ్యలో రజ పండగ వస్తుంది. భూమికే నెలసరి వచ్చిందని అరక ఆపి, ఆడపిల్లలకి కొత్తబట్టలు కట్టి, పోడో పిఠా అనే పిండివంట పెట్టి, ఉయ్యాల ఊపే మూడు రోజులు. ఇన్నేళ్లుగా అక్కడే ఉంటున్న ఆవిడకి అదంతా నాకంటే బాగా తెలుసు. ఎదిగే ఆడపిల్లని చూసి పక్కింట్లో పండగ చేసుకుంటుంటే మనింట్లో పట్టు వేయడమేమిటత్తయ్యా అంటే, అత్తగార్లు కూడా మెత్తబడతారు.

ఈ కింది నాలుగు మాటలు పాపకి. చదవమని ఇవ్వండి, తెలుగు చదవడం రాకపోతే మీరే చదివి వినిపించండి.

అమ్మలూ, నీ ఒంట్లో జబ్బేమీ లేదని నా నమ్మకం, డాక్టరమ్మ ఒకసారి చూసి చెబితే నీకూ ధైర్యంగా ఉంటుంది. ఎడమవైపు తొందరపడింది, కుడివైపు బయల్దేరింది. నొప్పి కొన్ని నెలలు వస్తూ పోతూ ఉంటుంది. మీ క్లాసులో ఇలాగే ఉన్నవాళ్లు నువ్వు కాక ఇంకా కొందరుంటారు, వాళ్లూ నీలాగే పుస్తకాలు గుండెకి హత్తుకుని నడుస్తుంటారు, రేపు స్కూల్లో చూడు. అమ్మ కొత్త స్లిప్పు కొని తెస్తుంది. స్వెటర్ పెట్టెలో పెట్టేసి, సాయంత్రం గ్రౌండుకి వెళ్లు.